ఇంగ్లండ్‌ల వార్డు సరిహద్దుల మీద అభ్యంతరం ఎట్ల రాయాలె?

ప్రశ్న (హన్మకొండ): ఇంగ్లండ్‌ల స్థానిక కౌన్సిళ్ల వార్డులు మళ్ల గీస్తున్నరు గదా. వరంగల్‌ల 58 డివిజన్లు 66 అయినట్టేనా? అక్కడున్న మనోళ్లు అభ్యంతరం ఏమని రాయాలె?

జవాబు (కాజీపేట): పద్ధతి వేరన్నా. మనకాడ జనాభా లెక్క. అక్కడ ఓటర్ల లెక్క, ఐదేండ్ల తర్వాతి అంచనాతో సహా. ఒక్క వార్డుల ఒక్కో సభ్యునికి వచ్చే ఓటర్ల లెక్క సగటుకు 30 శాతం కంటె ఎక్కువ తప్పినా సరిహద్దుల సమీక్ష పెట్టొచ్చు. ముందు కౌన్సిల్ సభ్యుల సంఖ్య తేలుస్తరు, తర్వాతే గీతలు.

జవాబు (కరీంనగర్): "మా ఊరిని చీల్చొద్దు" అంటే సరిపోదు. గీత ఏ రోడ్డు దాకా జరగాలె, ఎంతమంది ఓటర్లు అటు పోతరు, పక్క వార్డు లెక్క ఎంతైతది, అన్నీ రాయాలె. బడి, దుకాణాలు, బస్సు దారి జనాన్ని ఎటు కలుపుతున్నయో చూపాలె. చానమంది తప్పేది ఇక్కడనే: తమ వార్డు సరిచేసి పక్కదాన్ని చెడగొడతరు.

జవాబు (కాజీపేట): ఇండ్ల ధరలు, పిన్‌కోడ్ సంగతులు రాయొద్దు, వాటిని లెక్కలకు తీసుకోరు.