డిప్రెషన్ నుంచి కోలుకుంటూ ఊళ్లో ఫోటోలు తీయడం, ఎవరికైనా అలవాటుందా?

ప్రశ్న: ఆరు నెలలుగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను, ఇప్పుడు కాస్త నయం. పొద్దున్నే ఫోన్ పట్టుకుని చార్మినార్ వైపు వెళ్తే షట్టర్లు దించిన లాడ్ బజార్, పెచ్చులూడిన గోడలు, ఇవే తీయాలనిపిస్తోంది. మనుషుల్ని తీయలేకపోతున్నాను. ఇది మామూలేనా?

జవాబు: నాకూ అంతేనండి. మొదట్లో అన్నీ ఖాళీ మెట్లూ మూసిన తలుపులే. ఏవీ డిలీట్ చేయకండి. నాలుగు నెలల తర్వాత వెనక్కి చూసుకుంటే, మొజంజాహీ మార్కెట్ దగ్గర తీసిన ఒక ఫోటోలో చాయ్ బండి, చుట్టూ మనుషులు ఉన్నారు, తీసేటప్పుడు నేను గమనించనే లేదు.

మరో జవాబు: ఫోటోలు తీయండి, కానీ డాక్టర్‌ని అడక్కుండా మందులు మాత్రం ఆపొద్దు. రాత్రిపూట మరీ భారంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండి. రేపు మొజంజాహీ మార్కెట్‌కే వెళ్తాను.