అప్‌డేట్: ఫ్రిజ్‌లోనే మొలకెత్తిన ట్యులిప్ దుంపలు (తిరుపతి)

సెప్టెంబర్ చివర్లో ఫ్రిజ్‌లో పెట్టిన 10 ట్యులిప్ దుంపలు 8 వారాలకే మొలకెత్తాయి, వెంటనే నాటేయాలా అని నవంబర్‌లో అడిగాను. ఆగమన్నారు. ఆగడమే మంచిదైంది.

మొలక కనబడగానే చలి సరిపోయిందనుకోకూడదు. పూకాడ సాగాలంటే 9 డిగ్రీల లోపు చలి 12 నుంచి 16 వారాలు తగలాలి. ముందే తీస్తే పువ్వు కాడ లేకుండా ఆకుల మధ్యే ఇరుక్కుపోతుంది.

తొందరగా మొలకెత్తడానికి కారణం తలుపు అర. థర్మామీటర్ పెడితే 11 డిగ్రీలు చూపించింది. పైగా చుట్టిన కాగితం తడిగా ఉంది. పొడి కాగితం సంచిలోకి మార్చి, 4 డిగ్రీలున్న వెనక అరలో పెట్టాను. మెత్తబడిన ఒక దుంప పారేశాను. ఆపిల్, అరటి పండ్లు అదే ఫ్రిజ్‌లో ఉండకూడదు. పండే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువు దుంప లోపలి మొగ్గను చంపేస్తుంది. ఇది ముందే తెలిసుండాల్సింది.

ఫ్రిజ్‌లో మొత్తం 14 వారాలు నిండాక, జనవరి మొదట్లో 9 దుంపలు నాటాను: రెండు వంతులు కొబ్బరి పొట్టు, ఒక వంతు ఇసుక, అడుగున చిల్లులున్న కుండీలు. పది రోజులు నీడలో, తర్వాత ఉదయం 9 వరకే ఎండలో. పాలిపోయిన మొలక కొస మూడో రోజుకే ఆకుపచ్చకు తిరిగింది.

ఆరు పూశాయి, కాడ జానెడు. మూడింటి మొగ్గలు కాగితంలా ఎండిపోయాయి. పూసిన దుంపలు మన వేడికి మళ్లీ పూయవు, వచ్చే ఏడు కొత్తవే కొనాలి.