భయయోగమా, భావయోగమా?

నిన్న పొద్దున తులసికి నీళ్లు పోస్తుంటే ఆకు మీద కందిరీగ కనబడి చెంబు వదిలేసి వెనక్కి గెంతాను. నల్లటి ఒళ్లు, పొట్ట చుట్టూ పసుపు పట్టీలు, రెక్కల్లో అద్దం ముక్కల్లాంటి మచ్చలు. ఎంతసేపటికీ కదలదు. ఫోటో తీసి మా తమ్ముడికి పంపితే, నడుము సరిగ్గా చూడు అక్కా, కందిరీగ నడుము కాదు, అది అమాటా అనే చిమ్మట, పగలే తిరుగుతుంది, కొండి లేదు అన్నాడు. అప్పట్నుంచి పోతన భాగవతంలో పురుగు భ్రమరంగా మారిపోయే పద్యం సగం నోట్లో తిరుగుతోంది. "కీటకము భ్రమరరూపముఁ బాటించి వహించుఁ గాదె..." చివర భావయోగమునన్ అనా, భయయోగమునన్ అనా? నాన్నగారు "భావ" అనే చదివేవారని గుర్తు.

— భయయోగమేనండి. కందం కదా, గణానికి నాలుగు మాత్రలు, విడగొట్టి చూడండి: బాటిం, చి వహిం, చుఁ గాదె, భయయో, గమునన్. "భావ" అనగానే మూడు మాత్రలయ్యాయి, మీద "యో" పడితే గణం విరిగిపోతుంది. యతి మాత్రం రెండిటికీ సరిపోతుంది, అందుకే చెవి మోసపోతుంది.

— గణాల దాకా ఎందుకు, సంస్కృత మూలంలోనే "సంరంభభయయోగేన" అని ఉంది. నాకు పేచీ భ్రమరం దగ్గర. మూలంలో ఉన్నది పేశస్కృత్తు, పురుగును గోడలో మూసిపెట్టేది. తుమ్మెద ఆ పని చెయ్యదు. గొంగళిపురుగును కుట్టి, కదలకుండా చేసి, మట్టిగూట్లో పెట్టి గుడ్డుతో సహా మూసేది కందిరీగ. దాని పిల్ల ఆ పురుగును తిని పెరిగి రెక్కలతో బయటికొస్తే, పురుగే కందిరీగ అయిందనుకున్నారు పెద్దలు. కాబట్టి ఇక్కడ భ్రమరానికి తుమ్మెద అని అర్థం చెప్పడం తప్పు.

— అర్థం మీరన్నదే కావచ్చు మాస్టారూ, కానీ మాట మార్చడానికి వీల్లేదు. "భ్రమరము పాటవమున బంభ్రమింప భ్రాంతంబై" పైకి చదవండి, గూటి చుట్టూ తిరిగే రొద వినబడుతుంది. ఆ పక్కనే "కామోత్కంఠత గోపికల్, భయమునం గంసుండు" పద్యం. కంసుడు పగలూ రాత్రీ కృష్ణుణ్ణే తలుచుకున్నది భయంతోనే కదా! ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

— ఆ చిమ్మట అన్నమాట నాకు నచ్చలేదు. మా ఇంట్లో చిమ్మట అంటే బట్టలు కొరికేది. శలభం అందామంటే మిడత అనే అర్థం కూడా ఉంది. దీపప్పురుగు అందామంటే ఇది పగటిపూట తిరిగేదాయె. దీనికి తెలుగులో మంచి పేరు కావాలి.

— భయయోగమే, ఒప్పుకున్నాను. నాన్నగారు చదివింది నేనే తప్పుగా విన్నానేమో. కానీ ఒకటి గమనించారా? పద్యంలో భయపడేదీ పురుగే, రూపం మారేదీ పురుగే. మా తులసి మీద మాత్రం రూపం దానిది, భయం నాది. పిట్టలు ముట్టని జాతుల వేషం వేసుకుని కొన్ని పురుగులు ఇలాగే బతికిపోతాయని 1862లోనే బేట్స్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త రాశాడట. కందిరీగలు గూట్లోకి మోసుకుపోయే గొంగళిపురుగుల్లో చిమ్మటల పిల్లలూ ఉంటాయి. తన పిల్లల్ని ఎత్తుకుపోయే జాతి వేషమే ఇది వేసుకుందంటే నాకు ఒళ్లు జలదరించింది.

— అయితే "పాటించి" సంగతేమిటి? పాటించడమంటే ఆదరించడం, మన్నించడం. భయంతో వణికేది ఆదరించి ఎలా వహిస్తుంది? ప్రాస కోసం పడిన మాట అంటే నేను ఒప్పుకోను, పోతన అలా రాయడు.