సమస్యాపూరణం: ‘దారముల భుజించి తనివి నొందె’

నిర్వాహకుడు (కడప):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

దారముల భుజించి తనివి నొందె

ఇందులోని అయిదు గణాలూ (గురు లఘువుల గుంపులూ) సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన యతి దా–త అని సరిపోయింది. దారం తినడమేమిటన్న వింతను మొదటి మూడు పాదాల్లో మీరు విప్పాలి. ఈసారి ఒక కట్టుబాటు పెడుతున్నాను. దారమంటే నూడిల్సు, స్పాగెటీ, సేమ్యా, శావిగ లాంటి తిండే కావాలి. చదివినవారికి పళ్లెంలో ఉన్నదేమిటో, అది ఏ పిండిదో, ఎట్లా ఉడికిందో తెలియాలి. ‘రుచికరమైన వంటకము’ అని పైపైన అనేసి వదిలితే పూరణగా తీసుకోను. పాయసాలకూ పిండివంటలకూ మన పద్యాల్లో ఉన్న చోటు ఈ కాలపు తిండికి ఇంకా దొరకలేదు. పిల్లలు రోజూ అడిగి తినేది పద్యంలో కనబడితే వాళ్లు పద్యం దగ్గరికి వస్తారని నా నమ్మకం.

కర్నూలు సభ్యుడు:
కొండారెడ్డి బురుజు పక్కన సాయంత్రం బండి కాడ మావాడు చేసిన గోలే రాసినాను, చూడండి.

సంజవేళ బండి సందడి నూడిల్సు
పిల్లవాడు చూచి పేచి పెట్టి
పళ్లె మందుకొనుచు పకపక నవ్వుచు
దారముల భుజించి తనివి నొందె

ప్రొద్దుటూరు సభ్యురాలు:
అన్నా, గణాలు, యతులు అన్నీ కుదిరినాయి. ‘పళ్లె మందుకొనుచు పకపక నవ్వుచు’ చదువుతుంటే పిల్లోడు కళ్లముందు కనిపిస్తున్నాడు. కానీ నూడిల్సు మొదటి పాదంలో ఉంది, దారాలు నాలుగో పాదంలో ఉన్నాయి. రెంటికీ లంకె లేదు. సమస్య తెలియనివాళ్లు చదివితే నూడిల్సు కోసం ఏడ్చి దారపుండ తిన్నాడేమో అనుకుంటారు. దారముల అనే మాటకు ముందు ఒక విశేషణం పడితే చాలు. మూడో పాదం ఇట్లా మారిస్తే?

పళ్లె మందుకొనుచు పసిడి గోధుమపిండి
దారముల భుజించి తనివి నొందె

రాయదుర్గం సభ్యురాలు:
అక్కా, లంకె బాగా పడింది. ‘పసిడి’ దగ్గర మాత్రం నాకు అడ్డం తగులుతోంది. బండి మీద వాడేది మైదా నూడిల్సు. ఉడికించి, వార్చి, అంటుకోకుండా నూనె పూసి పెట్టుకుంటారు. పెద్ద మంట మీద ఇనుప బాణలిలో ఎగరేసినప్పుడు సోయా సాసు పడి గోధుమరంగు తిరుగుతుంది. అంతకుముందు తెల్లగానే ఉంటుంది. పసిడి రంగు వేరే గోధుమది.

నిర్వాహకుడు:
అభ్యంతరం న్యాయమైనది. ‘పసిడి’ తీసి ‘పట్టి’ పెడితే గణం చెడదు. పసిడిగో అన్న నగణం మీద గురువు పోయి, పట్టిగో అన్న రగణం వస్తుంది. పట్టి అంటే బిడ్డ కాబట్టి రెండో పాదంలో పిల్లవాడు అక్కరలేదు. ఆ ఖాళీలో బండికే కాస్త ప్రాణం పోద్దాం.

సంజవేళ బండి సందడి నూడిల్సు
పిలిచినట్లు దోచ పేచి పెట్టి
పళ్లె మందుకొనుచు పట్టి గోధుమపిండి
దారముల భుజించి తనివి నొందె

కర్నూలు సభ్యుడు:
ఒప్పుకుంటున్నా అయ్యవారూ. పకపకలు పోయినందుకు మనసు పీకుతోంది గానీ, పద్యం నిలబడింది.

నంద్యాల సభ్యుడు:
మా బావ పెళ్లయిన కొత్తలో అత్తవారింట తానే వంటింట్లోకి పోయి స్పాగెటీ చేసి పెట్టినాడు. దాని మీద నా పూరణ.

స్పాగెటీలు వండి స్వాదు సాసులు వేసి
ఫోర్కుతోడ చుట్టి పుచ్చుకొనగ
కొత్త పెండ్లికొడుకు మెత్తమెత్తని పిండి
దారముల భుజించి తనివి నొందె

ఆదోని సభ్యుడు:
మూడో పాదంలో యతి తప్పింది కదా? కొ–మె ఎట్లా కలుస్తాయి?

నిర్వాహకుడు:
తప్పలేదు నాయనా. కొత్త–మెత్త, ప్రాసయతి; మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలపడం. ఆటవెలదికీ తేటగీతికీ ఆ వెసులుబాటు ఉంది. రెండింటా మొదటి అక్షరం గురువు, రెండో అక్షరం ‘త్త’. నంద్యాల తమ్ముడు తెలిసే వేసినాడు, చెవికి హాయిగా ఉంది.

దోషాలు వేరే చోట ఉన్నాయి. ‘స్వాదు సాసులు’ సంస్కృతాన్నీ ఇంగ్లీషునీ అతికించిన వైరి సమాసం. ‘సాసును పైబోసి’ అంటే యతి కూడా నిలుస్తుంది. ‘పుచ్చుకొనగ’ అంటే పుచ్చుకునేది ఎవరో, తనివి పొందేది ఎవరో తేలదు. ‘పుచ్చుకొనుచు’ అనాలి.

అసలు పేచీ ‘మెత్తమెత్తని’ దగ్గర ఉంది. స్పాగెటీ మెత్తమెత్తగా అయిందంటే అది చెడినట్టే. ఇటలీలో వండేవాళ్లు నూరు గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, పది గ్రాముల ఉప్పు లెక్కన పెట్టుకొని, నీళ్లు తెర్లేటప్పుడు వేస్తారు. కొరికితే లోపల సన్నటి బిరుసు పంటికి తగులుతుండగానే దించుతారు. తరవాత సాసులో కలిపి ఒక్క నిమిషం తిప్పుతారు, మిగతా ఉడుకు అక్కడ పూర్తవుతుంది. మన ఇళ్లలో అన్నం గురించి ‘కాస్త పలుకుండాల’ అంటాం చూడండి, ఆ పలుకే దానికి ప్రాణం. మీ బావ బాగా చేసివుంటే ఆ పలుకు ఉండే ఉంటుంది. పద్యంలోనూ ఉండనివ్వండి.

స్పాగెటీలు వండి సాసును పైబోసి
ఫోర్కుతోడ చుట్టి పుచ్చుకొనుచు
పెండ్లికొడుకు మురిసి పిసరంత పలుకున్న
దారముల భుజించి తనివి నొందె

నంద్యాల సభ్యుడు:
ప్రాసయతి పోయిందే అనిపించింది. కానీ ‘పిసరంత పలుకున్న’ చదివినాక నా పాదం నాకే చప్పగా ఉంది. బావకు పంపిస్తా.

ఆదోని సభ్యుడు:
నాది ఊహ కాదు, తవ్వకాల్లో దొరికిన సంగతి. చైనాలో పసుపునది ఎగువన లాజియా అనే చోట మట్టిగిన్నెలో నాలుగు వేల ఏళ్లనాటి నూడిల్సు బయటపడ్డాయి. 2005లో శాస్త్రజ్ఞులు ఆ వివరాలు ప్రకటించారు. అందులో వాళ్లు గుర్తించినవి కొర్ర, వరిగ. మన చేలల్లో పండే గింజలే.

పసుపుటేటి గట్టు పల్లెలో నొక్కండు
వరిగ కలిపి పిసికి వంట జేసి
నాల్గువేల యేండ్ల నాడె గిన్నెడు కొర్ర
దారముల భుజించి తనివి నొందె

జమ్మలమడుగు సభ్యుడు:
భేష్! ‘గిన్నెడు కొర్ర దారముల’ అన్నచోట సమస్య తనంతట తానే విడిపోయింది. కొర్రన్నం తిని పెరిగిన సీమవాడికి ఈ పద్యం సొంతమనిపిస్తుంది.

రాయదుర్గం సభ్యురాలు:
‘పిసికి’ మాట నిలవదు తమ్ముడూ. గోధుమపిండిలో గ్లూటెన్ ఉంటుంది కాబట్టి పిసికేకొద్దీ సాగుతుంది, చేత్తో లాగితే తీగ వస్తుంది. కొర్రలో, వరిగలో అది లేదు. పచ్చిపిండిని ఎంత పిసికినా లాగితే తెగిపోతుంది. మరిగే నీళ్లలో పిండి ఉడికితే జిగురు పుడుతుంది, అప్పుడు ఒత్తాల. మా ఇంట్లో రాగిశావిగకు ఇదే పద్ధతి.

నిర్వాహకుడు:
నాకు ఇంకో అభ్యంతరం ఉంది. ఆ గిన్నె బోర్లాపడి, మీద మూడు మీటర్ల ఒండ్రుమట్టి పేరుకొని ఉన్నప్పుడు దొరికింది. భూకంపంలో, వరదలో పూడిపోయిన ఊరు అది. నూడిల్సు గిన్నెలో మిగిలాయంటే అది ఎవరూ తినని తిండి. వండినవారి నోటికి అందలేదు. దాన్ని పట్టుకొని ‘తనివి నొందె’ అంటే నాకు మనసు ఒప్పడం లేదు. ఆ ఊళ్లో అంతకుముందు తిన్నవాడి గురించే మీరు చెబుతున్నారనుకుంటే, ఆ ‘ముందు’ పద్యంలో వినబడాలి. రెండో పాదం ‘వరద వచ్చుముందు వంట జేసి’ అంటే అక్క చెప్పిన పిసుకుడూ పోతుంది, నా దిగులూ తీరుతుంది. వరిగ వదులుకోవాలి, తప్పదు.

పసుపుటేటి గట్టు పల్లెలో నొక్కండు
వరద వచ్చుముందు వంట జేసి
నాల్గువేల యేండ్ల నాడె గిన్నెడు కొర్ర
దారముల భుజించి తనివి నొందె

ఆదోని సభ్యుడు:
ఇప్పుడు పద్యం బరువెక్కింది అయ్యవారూ. బోర్లాపడిన సంగతి నేనూ చదివినాను. రాసేటప్పుడు కొర్ర మీద ఉన్న మురిపెంలో అటు చూపు పోలేదు.

రాయదుర్గం సభ్యురాలు:
శావిగ మాట వచ్చింది కాబట్టి నా పూరణ కూడా చూడండి. మా అవ్వ ఉడికిన ముద్దను వేడి ఆరకముందే చెక్క ఒత్తులో పెట్టి ఇద్దరు మనుషుల బలంతో దించేది. చల్లారితే దిగదు. కింద పళ్లెంలో చుట్టలు చుట్టలుగా పడుతుంటే, మీద బెల్లం కరిగించిన కొబ్బరిపాలు పోసేది.

అవ్వ యొత్తునట్టి యావిరి శావిగ
బెల్లపాలు కలిపి పెట్టువేళ
మనుమరాలు చేరి మరల మరల మెత్త
దారముల భుజించి తనివి నొందె

కర్నూలు సభ్యుడు:
‘మరల మరల’ తిన్నదంటే తనివి తీరలేదనే కదా? అట్లాంటప్పుడు ‘తనివి నొందె’ ఎట్లా?

ప్రొద్దుటూరు సభ్యురాలు:
మరల మరల తిన్నాకే తనివి నొందింది అన్నా. ఒక్కసారితో తీరే రుచి కాదని చెప్పడమే అక్కడి అందం. ‘మెత్త దారముల’ కూడా ఇక్కడ సరిగ్గా అతికింది. స్పాగెటీకి పనికిరాని మెత్తదనం శావిగకు కావాల.

నిర్వాహకుడు:
అంతే. ఒక్క అక్షరం కూడా మార్చను. ‘ఆవిరి శావిగ’లో వేడి ఉంది, ఒత్తుతున్న చెయ్యి ఉంది. నట్టి + ఆవిరి యడాగమంతో యావిరి అయినా అ–ఆ స్వరయతి దిట్టంగా ఉంది. ఈ వారం పూరణల్లో నోరూరించినది ఇదే.

‘మం/దారముల’ అని విరిచి తుమ్మెదను తెచ్చిన పూరణ కూడా ఒకటి వచ్చింది. ఛందస్సు సరే, తిండి లేదు. కట్టుబాటు ప్రకారం పక్కన పెట్టాను.

కడప సభ్యుడు:
రంజాన్ నెలవంక కనిపించిన రాత్రి మా వీధిలో ఏ ఇంటికి పోయినా వేగుతున్న సేమ్యా వాసనే. పొద్దున నమాజు నుంచి వచ్చేసరికి పాలు, ఎండు ఖర్జూరాలు వేసిన సేమ్యా పాయసం, షీర్ ఖుర్మా, సిద్ధంగా ఉంటుంది. మా అమ్మ అందరికీ పంచినాకే తను తినేది.

నెలను జూచి రేయి నిద్రపోవక యింట
పాలు కాచి యుంచి పండ్లు గలిపి
పొరుగువారి కిచ్చి పొంగి వేపిన నేతి
దారముల భుజించి తనివి నొందె

ప్రొద్దుటూరు సభ్యురాలు:
అమ్మ గురించి రాసి అమ్మను పద్యంలో పెట్టలేదే అన్నా! కర్త లేదు. ‘యుంచి’ తీసేసి ‘పాలు కాచి తల్లి పండ్లు గలిపి’ అనండి, గణం అదే. ఎండు ఖర్జూరాలు కాబట్టి ‘పండ్లు’ చెల్లుతుంది. ‘వేపిన నేతి దారముల’ అనడం నాకు బాగా నచ్చింది. పాలు పోయకముందు నేతిలో ఎర్రగా వేపకపోతే సేమ్యా ముద్దయిపోతుంది. వంట తెలిసినవాళ్లే ఆ మాట వాడతారు.

కడప సభ్యుడు:
నిజమే అక్కా, తల్లినే పెట్టేస్తా.

జమ్మలమడుగు సభ్యుడు:
నేను దారాన్ని విరగ్గొడతాను. కట్టుబాటు మాత్రం దాటను.

రాటుదేలినట్టి రవ్వగా మారిన
గట్టి గింజ పంట గాంచి మెచ్చి
యిటలివాసి వండి యింపగు పసిడి కే
దారముల భుజించి తనివి నొందె

రాయదుర్గం సభ్యురాలు:
కేదారాలు! పొలాలకు పొలాలే తినేసినాడు. నేను వద్దన్న పసిడి వచ్చి చేరాల్సిన చోట చేరింది.

ఆదోని సభ్యుడు:
అయ్యవారూ, పాస్తాను చైనా నుంచి మార్కోపోలో తెచ్చినాడంటారు. ఇటలీవాడికి అంత ఘనత ఇవ్వొచ్చా?

నిర్వాహకుడు:
ఇవ్వొచ్చు. మార్కోపోలో వెనిస్‌కు తిరిగొచ్చింది 1295లో. అంతకు చాలా ముందే, 1154లో, అల్ ఇద్రీసీ అనే భూగోళవేత్త సిసిలీలోని త్రబియాలో పిండితీగలు చేసి ఓడల మీద దూరదేశాలకు పంపుతున్నారని రాశాడు.

పూరణ విషయానికొస్తే, ‘గట్టి గింజ’ అన్న రెండు మాటల్లోనే వంటకమంతా ఉంది. పాస్తాకు వాడే ద్యూరం గోధుమ మామూలు గోధుమ కంటే గట్టిది. మరలో పడితే మెత్తటి పిండిగా నలగదు, బరకగా రవ్వవుతుంది. గింజలోని పసుపు వన్నె రవ్వలోనూ ఉంటుంది. మన అంగళ్లలో బన్సీ రవ్వ అని అమ్మేది ఈ జాతిదే. ఇటలీలో ఎండు పాస్తా ఈ గోధుమతోనే చెయ్యాలని 1967లో చట్టమే చేసుకున్నారు. అందుకే ‘పసిడి కేదారములు’ ఉత్త అలంకారంగా మిగలలేదు, అక్కడి పొలం రంగు పళ్లెం దాకా వచ్చింది. పొలాన్ని చెప్పి పంటను సూచించడం ‘లక్షణ’ అనే పద్ధతి, దోషం కాదు.

ఒక్క సవరణ. పొలంలో పంటను చూసి మెచ్చుకునేసరికి అది ఇంకా రవ్వ కాలేదు. ‘మారిన’ బదులు ‘మారెడు’ అనండి. భగణం భగణంగానే ఉంటుంది.

జమ్మలమడుగు సభ్యుడు:
మారెడు. శిరోధార్యం.

నిర్వాహకుడు:
చమత్కారానికి జమ్మలమడుగు, రుచికి రాయదుర్గం. ఈ వారం రెండింటికీ సమానంగా వేస్తున్నాను.

వచ్చే వారం సమస్య తేటగీతిలో. మెకరోనీ, పెన్నె, రిగటోనీ లాంటి గొట్టపు పాస్తాల మీద రాయండి. సాసు బయట అంటుకోవడమే కాక లోపలికీ దూరుతుందన్నది మరవొద్దు.

చిల్లి యుండిన గొట్టమే చేవ గలది

పూరణలు శనివారం రాత్రిలోగా పంపండి.