అప్‌డేట్: 50 డాలర్లతో పోకర్, ఏ టేబుల్‌లో కూర్చోవాలి?

న్యూజెర్సీలో ఆన్‌లైన్ పోకర్‌కి 50 డాలర్లు పక్కన పెట్టాను, ఎంత టేబుల్ ఆడాలి అని అడిగాను కదా. జవాబుల్లో పనికొచ్చింది అమెరికన్ పోకర్ ఆటగాడు క్రిస్ ఫెర్గూసన్ లెక్కే. సున్నాతో మొదలుపెట్టి 10,000 డాలర్లు చేయడానికి ఆయన పెట్టుకున్న నియమాలు ఇవి: టేబుల్ మీదికి ఉన్న మొత్తం డబ్బులో 5 శాతం మించి తీసుకెళ్ళకూడదు, టోర్నమెంట్‌కైతే 2 శాతం.

50లో 5 శాతం అంటే రెండున్నర డాలర్లు. కాబట్టి 1/2 సెంట్ల టేబుల్ (అంటే తప్పనిసరిగా పెట్టే పందాలు, బ్లైండ్లు, 1 సెంటు, 2 సెంట్లు), 2 డాలర్ల బై-ఇన్ (కూర్చునేటప్పుడు తెచ్చుకునే డబ్బు). మొత్తం 100 అయ్యాకే 2/5 సెంట్లు. 100 కిందికి జారితే మళ్ళీ పాత టేబులే. పరువు అడ్డొచ్చేది ఇక్కడే!

అసలు కష్టం మూడో నియమంతో. టేబుల్ మీద మన ముందున్న డబ్బు, మనకున్న మొత్తం డబ్బులో 10 శాతం దాటితే, మన వంతు బ్లైండ్ వచ్చేలోపు లేవాలి. బాగా గెలుస్తున్నప్పుడే లేవమంటుంది మరి. కానీ ఎదుటివాడి దగ్గరా అంతే ఉంటే, ఒక్క ఆల్-ఇన్‌లో (ముందున్నదంతా పందెం పెట్టేయడం) మన డబ్బులో పదో వంతు ఎగిరిపోతుంది.

చిన్న జతలు కూడా డబ్బు తినేస్తాయి. చేతిలో రెండు ఫోర్లుంటే, ఫ్లాప్‌లో (అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు) మూడో ఫోర్ వచ్చి సెట్ తగిలేది ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. అందుకే తగిలినప్పుడు గట్టిగా రావాలి: ఎదుటివాడు 6 సెంట్లకి పెంచితే (రెయిజ్), అంతే పెట్టి కొనసాగాలంటే (కాల్) ఇద్దరి దగ్గరా కనీసం 90 సెంట్లో డాలరో ఉండాలి. 40 సెంట్లే ఉంటే ఫోల్డ్, అంటే ముక్కలు పడేయడమే.

ఇండియాలో ఉన్నవాళ్ళు మాత్రం ఇది ప్రయత్నించొద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది.