అప్‌డేట్: ఐడియాలే నడిపించే సైఫైలో ముందు ఏది చదవాలి?

కథ తక్కువ, ఆలోచన ఎక్కువ ఉండే సైఫై నవలలు ఏ వరసలో చదవాలని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. జవాబుల్లో ఎక్కువమంది చెప్పిన స్టేపుల్డన్ ‘లాస్ట్ అండ్ ఫస్ట్ మెన్’ (1930)తో మాత్రం మొదలుపెట్టొద్దు. 200 కోట్ల ఏళ్లు, 18 మానవజాతులు, పట్టుకోవడానికి ఒక్క పాత్ర ఉండదు. పైగా మొదట్లోని రాజకీయ జోస్యాలు బాగా పాతబడ్డాయి.

ముందు క్లార్క్ ‘రాండెవూ విత్ రామా’ (1973), పక్కన కాగితం, పెన్నుతో. రామా అంటే తన చుట్టూ తాను తిరిగే, గొట్టంలాంటి భారీ గ్రహాంతర నౌక. లోపలి వ్యాసం 16 కి.మీ., 4 నిమిషాలకో చుట్టు. లెక్క కడితే, ఆ తిరుగుడు వల్ల నేలగా మారిన లోపలి గోడ మీద గురుత్వం భూమిలో సగానికి కాస్త ఎక్కువ, నడిమి అక్షం దగ్గర సున్నా. మెట్లు దిగేకొద్దీ బరువెందుకు పెరుగుతుందో ఇట్టే తెలుస్తుంది. (పాత్రలు అట్టబొమ్మలే, సర్దుకోవాలి.)

తర్వాత లెమ్ ‘సొలారిస్’ (1961). సొలారిస్ గ్రహాన్ని కప్పేసిన, ప్రాణమున్నట్టుండే సముద్రం గురించి జరిగిన పరిశోధనల చరిత్ర చెప్పే పేజీలు దాటేయకండి, అసలు సరుకు అక్కడే ఉంది. ఆపైన స్టేపుల్డన్.