సంఘం చేసే సహాయానికి షరతు ఉండవచ్చునా?

ప్రశ్న (సంఘ యువజన కార్యదర్శి):
అందరికీ వందనాలు. ఆదివారపు కానుకలలో కొంత, ఇంటింటా తీసిపెట్టే గుప్పెడు బియ్యంలో కొంత కూడబెట్టి, కూలిపనులు దొరకని వేసవి నెలల్లో పేద కుటుంబాలకు సరుకులు ఇవ్వాలని మా సంఘం నిశ్చయించుకుంది. గలతీ పత్రిక ఆరవ అధ్యాయంలో పౌలు విశ్వాస గృహానికి చేరినవారిని విశేషంగా పేర్కొన్నాడు కాబట్టి ముందు మన సభ్యులకే ఇవ్వాలని కొందరు పెద్దలు అంటున్నారు. బయటివారికి ఇవ్వవచ్చు గాని, వారు ముందుగా ప్రార్థన కూటంలో కూర్చోవాలని మరికొందరి అభిప్రాయం. ఈ రెండవ మాట నాకు ఎంతమాత్రమూ మింగుడుపడడం లేదు. మీరేమంటారు?

సమాధానం (వేదాంత విద్యార్థి):
ఆ వచనంలో పౌలు ముందు ‘అందరికీ’ మేలు చేయమన్నాడు, ఆ తరువాతే ‘విశేషంగా’ అన్నాడు. లూకా సువార్త పదవ అధ్యాయంలోని సమరయుడు, దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాని కులగోత్రాలు విచారించకుండా గాయాలు కట్టి, పూటకూళ్ల ఇంటికి చేర్చి, రెండు దేనారాలు ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని చెప్పి వెళ్లాడు. క్రైస్తవాన్ని వ్యతిరేకించిన రోమా చక్రవర్తి జూలియన్ సైతం, క్రైస్తవులు తమ పేదలనే గాక మన పేదలను కూడా పోషిస్తున్నారని నాలుగవ శతాబ్దంలో తన పూజారి ఒకరికి వ్రాశాడు.

సమాధానం (ఒంగోలు నుండి):
కార్యదర్శి గారూ, మీ రెండవ సందేహానికి మన నేల మీదే జవాబు ఉంది. 1876–78 నాటి మహాక్షామంలో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో ఉన్నవారికి పని, కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆయనకు సర్వే పనిలో అనుభవం ఉండడం అక్కడ ఎంతో అక్కరకు వచ్చింది. ఆ కాలంలో బాప్తిస్మం కోరినవారు ఎందరున్నా, కూడు కోసం విశ్వాసం మార్చుకున్నారన్న మాట వారి మీద గాని సంఘం మీద గాని పడకూడదని ఆయన బాప్తిస్మాలను నిలిపివేశాడు. సహాయం ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన సంఘాల్లో తరచు గర్వంగా చెప్పుకుంటాము గాని, దానికి ముందున్న ఆ నిగ్రహాన్ని చెప్పుకోవడం తక్కువ. ఆకలిగా ఉన్నవాడు ‘సరే’ అన్నప్పుడు అది అతని సమ్మతమో, అతని ఆకలి పలికించినదో తేల్చుకోవడం కష్టమని ఆయన గ్రహించాడని నా నమ్మకం. కాబట్టి సరుకులు ఇచ్చే రోజున ప్రార్థన కూటం పెట్టకండి. ఆరాధనకు రాదలచినవారికి ఆదివారం ఎలాగూ ఉంది.

సమాధానం (స్త్రీల సమాజ సభ్యురాలు):
పై మాటలతో పూర్తిగా ఏకీభవిస్తూ, పంపిణీ గురించి మాత్రం ఒకటి చెబుతాను. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో, అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగినప్పుడు, అపొస్తలులు ఆ సణుగుడును తప్పుపట్టలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు, ఎంపికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అందుచేత జాబితా తయారుచేసే బృందంలో పెద్దలతో పాటు కూలికి వెళ్లే స్త్రీలను కూడా కూర్చోబెట్టండి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో వారికే ముందు తెలుస్తుంది. ఫోటోలు తీయకుండా, వరుసలో నిలబెట్టకుండా, చీకటి పడ్డాక ఇంటికే చేర్చండి.